గలీబు ఉతికి ఆరేశాను కూడా

ఫిబ్రవరి 3, సోమవారం

పాలు పొంగాయి. పొయ్యి ముందే నిలబడి ఉన్నాను, గిన్నెకేసే చూస్తున్నాను. అయినా పొంగాయి.

నేను పొంగించానని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేది లేదు.

ఫిబ్రవరి 4

నిన్నటి పాలు పొయ్యి మీద ఎండి అట్టకట్టాయి. అడిగే మనిషి లేకపోతే మరకలు కూడా దర్జాగా ఉంటాయి.

మా ఆవిడ శనివారం వాళ్ల తమ్ముడింటికి వెళ్లింది. ఇక్కడికి నాలుగు బస్టాపులు. లాప్‌టాప్, దిద్దాల్సిన పేపర్ల కట్ట, వేడినీళ్ల సంచి పట్టుకెళ్లింది. రెండు రోజుల కోసం వెళ్లేవాళ్లు వేడినీళ్ల సంచి పట్టుకెళ్లరు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఒక రబ్బరు సంచిని చూసి నిర్ణయాలకు రావడం నా చదువుకు తగదు.

ఇద్దరిదీ ఒకే కాలేజీ. తను విశ్వం ఎలా పుట్టిందో చెబుతుంది, నేను మా పాత ఇస్లామిక్ తర్కం చెబుతాను. ఇన్నేళ్లూ ఒకే స్కూటర్ మీద వెళ్లాం. ఇవాళ ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచి, "మేడమ్ బస్సులో వస్తున్నారేంటండీ?" అన్నాడు. కారణమేమీ లేదన్నాను. ఆయన నమ్మలేదు. నేను మాత్రం అబద్ధమాడలేదు. పాతికేళ్లుగా చెబుతున్న పాఠాన్నే ఆయనకూ చెప్పాను, అంతే.

దూది దగ్గరికి నిప్పు తెచ్చాం, దూది కాలింది. మనం చూసిందేమిటి? నిప్పు వచ్చింది, ఆ తర్వాత దూది కాలింది. నిప్పు వల్లే కాలిందని ఎవడు చూశాడు? ఆ 'వల్ల'ని కళ్లారా చూసినవాడు ఇంతవరకు పుట్టలేదు. వెయ్యేళ్ల కిందటే మావాళ్లు తేల్చిపారేశారు: కాల్చేది అల్లా. నిప్పు పక్కన నిలబడుతుంది, పెళ్లి ఫొటోలో దూరపు చుట్టంలాగా. ప్రతిసారీ కాలుతోందంటే అది దేవుడి అలవాటే గానీ నిప్పు ప్రతాపం కాదు. తలుచుకుంటే ఏ క్షణంలోనైనా ఆయన ఆ అలవాటు మానుకోగలడు. ఏటా ఈ పాఠం చెప్పీ చెప్పీ పిల్లల దగ్గర దూది మాష్టారునయ్యాను.

ఇదీ అంతే. నేనొక పని చేశాను. తర్వాత మా ఆవిడ వెళ్లింది. ఒకటి ముందు, ఒకటి వెనక. మధ్యలో 'వల్ల' ఎక్కడుంది?

ఫిబ్రవరి 5

కాలేజీ వరండాలో మా ఆవిడ ఎదురుపడింది. "గుడ్ మార్నింగ్ సర్" అంది.

సర్ అట!

ఫిబ్రవరి 7

ఇరవై రెండున మా ఉమ్మడి ఉపన్యాసం. ఏటా ఉండేదే. ముందు తను విశ్వం పుట్టుక గురించి చెబుతుంది, తర్వాత నేను కారణాలనేవే లేవంటాను, ఆ తర్వాత ఇద్దరం వేదిక మీద కొట్టుకుంటాం. హాలు నిండిపోతుంది. జనం విశ్వం కోసం రారు, మొగుడూ పెళ్లాల తగువు ఉచితంగా చూడొచ్చని వస్తారు.

నిరుడు తను, "సూర్యుడు రోజూ ఉదయించడం దేవుడి అలవాటన్నారు, సరే. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం ఎవరి అలవాటు?" అంది. చప్పట్లు ఆగలేదు. నేనూ ఊరుకోలేదు. "మీ పరమాణువు ఇవాళ విచ్చిపోవాలా రేపు విచ్చిపోవాలా అంటే కారణం లేదంటారు. విశ్వానికి ముందేముందంటే 'ముందు' అనే మాటే లేదంటారు. కారణం లేదని మేమంటే ఛాందసం, మీరంటే భౌతికశాస్త్రమా?" అన్నాను. నాకూ పడ్డాయి చప్పట్లు. కొంచెం తక్కువే.

అందుకే ఈసారి కొత్తగా చేద్దామనుకున్నాను. వేదిక మీద కొవ్వొత్తి వెలిగించి, దూది పింజలు ఒక్కొక్కటే దగ్గరికి తీసుకెళ్లడం. ప్రతి పింజకీ ముందు జనంతో "ఈసారి కాలకపోవచ్చు" అనడం. దేవుడికి ఒక అవకాశం ఇచ్చినట్టు. మాటల్లో చెప్పినదానికీ కళ్లముందు చేసినదానికీ తేడా ఉంటుంది.

మందుల షాపు దూది పనికిరాలేదు. భగ్గుమని మాయమైపోతోంది, వెనక కూర్చున్నవాళ్లకి ఏమీ కనబడదు. పాత దూది కావాలి, కాస్త ముద్దకట్టినది. నెమ్మదిగా అంటుకుంటుంది, పొగ వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది.

అటక మీద ఒక పాత దిండు ఉండింది.

ఫిబ్రవరి 8

ఆ దిండు సంగతి ఇక్కడ రాయాల్సిన పని లేదు. పాతది. కుట్లు ఊడిపోయాయి. రిహార్సల్సుకి వాడాను. గలీబు ఉతికి ఆరేశాను కూడా.

ఫిబ్రవరి 9, ఆదివారం

బావమరిది వచ్చాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. ఎప్పుడూ చేతులకి గ్రీజు, జేబులో టెస్టరు.

"అక్క బీపీ మాత్రలు మర్చిపోయిందంట బావా." మాత్రలు తీసుకున్నాడు, కానీ కదల్లేదు. సోఫా అంచున కూర్చుని, "అసలేమైంది బావా?" అన్నాడు.

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకుండా ఎందుకొస్తుంది? లిఫ్ట్ ఆగిందంటే ఎక్కడో ఏదో పోయినట్టే కదా."

"నువ్వు బాగుచేసిన ప్రతి లిఫ్టులోనూ ఏం పోయిందో కనిపెట్టావా?"

బుర్ర గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే సగం వాటికి మెయిన్ ఆపి మళ్లీ వేస్తాం. ఎందుకాగిందో తెలీదు, ఎందుకు నడిచిందో తెలీదు."

"చూశావా మరి!"

"అయితే అక్కని కూడా ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమంటారా?"

నవ్వాను. వాడూ నవ్వాడు. గుమ్మం దాటుతూ మాత్రం అన్నాడు: "దిండు లేకుండా పడుకుంటోంది బావా. మావిడ కొత్తది కొనుక్కొచ్చింది. వద్దంది. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటోంది. పొద్దున్నే మెడ పట్టేసి మా ఇంట్లో అందరి మీదా ఎగురుతోంది."

మెడనొప్పికీ దిండు లేకపోవడానికీ సంబంధం ఉందని రుజువేమీ లేదు. వయసు కూడా కావొచ్చు.

ఫిబ్రవరి 10

రాయక తప్పేలా లేదు. ఇక్కడ ఇంకెవరు చదువుతారు గనక.

అది అత్తగారి దిండు. మా ఇంట్లోనే చివరి నాలుగేళ్లూ ఉన్నారు, నిరుడు పోయారు. ఆ దిండు ఆవిడే కుట్టుకున్నారు, దూది ఆవిడే ఏకి కూరుకున్నారు, బయట కొన్న దిండ్లు మెడకి పడవని. నేను అటక మీంచి దింపేటప్పుడు అది ఆవిడదని నాకెలా తెలుస్తుంది? దిండు మీద పేరు రాసుంటుందా?

మా ఆవిడ అప్పుడు వేరే ఊళ్లో కాన్ఫరెన్సుకి వెళ్లింది. ఆ వారమంతా సాయంత్రాలు వంటింటి సింకు దగ్గర కొవ్వొత్తి పెట్టుకుని రిహార్సల్సు చేశాను. తను సోమవారం తిరిగొచ్చేసరికి దూది అయిపోయింది. దండెం మీద గలీబు ఆరుతోంది. గలీబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మ దిండేది?"

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే బాగుంది, బాగుందని ఉపన్యాసంలో వాడదామనుకున్నాను కూడా: "కాలిపోయింది. కానీ కాల్చింది నేనూ కాదు, కొవ్వొత్తీ కాదు."

నవ్వుతూ అన్నాను.

అగ్గి మీద గుగ్గిలం అవుతుందనుకున్నాను. గలీబు మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆ సోమవారం నుంచి శనివారం దాకా మామూలుగానే ఉంది. వండింది, పేపర్లు దిద్దింది, స్కూటర్ మీద నా వెనకే కూర్చుంది. శనివారం బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. దిండే కారణమైతే సోమవారమే వెళ్లాలి కదా? నిప్పు పెట్టిన దూది ఐదు రోజులు ఆగి అంటుకుంటుందా?

కాబట్టి దిండు కారణం కాదు. సాధించాను.

ఫిబ్రవరి 11

సాధించి ఏం చేసుకోను? కాలేజీ క్యాంటీన్‌లో అన్నం పచ్చిగా ఉంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక గిన్నెలు కడిగే మనిషితో చెప్పాను.

ఫిబ్రవరి 12

మొదటి బెంచిలో కూర్చునే అమ్మాయి ఒకతి ఉంది. చూపు మిగతావాళ్ల మీద పెట్టి పాఠం చెప్పినా లాభం లేదు, చెయ్యి ఎత్తుతుంది.

"సర్, అన్నీ చేసేది దేవుడే, మనుషులూ నిప్పులాంటివాళ్లే అయితే, దొంగని ఎందుకు శిక్షిస్తారు?"

"ఆ అధ్యాయం సిలబస్‌లో లేదమ్మా."

"ఉంది సర్. ఎనిమిదోది."

ఉంది. నేను ఎప్పుడూ చెప్పను. ఆ అధ్యాయం పేరు కస్బ్. సంపాదించుకోవడం, గడించుకోవడం అని అర్థం. పనిని పుట్టించేది దేవుడట, కానీ ఆ పని మనిషి గడించుకుంటాడట. పుట్టించనిది మనదెలా అవుతుంది? ఈ ముడి విప్పలేక మా పెద్దపెద్ద పండితులే తల పట్టుకున్నారు. లోకంలో అన్నిటికంటే అర్థంకాని వ్యవహారం ఏదంటే దీన్నే చూపించి జనం నవ్వుకునేవారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయి ఏటా తొమ్మిదో అధ్యాయంలోకి దూకేస్తాను.

"వచ్చేవారం చెబుతానమ్మా, ఇన్షా అల్లా" అన్నాను. మా ఆవిడ ఉంటే, ఎగ్గొట్టాలనుకున్నప్పుడల్లా ఆ మాట వాడతారని అందరి ముందూ అనేది.

ఫిబ్రవరి 14

వెళ్లాను. పిలవకుండానే. స్కూటర్ ఆపి, వాళ్ల వీధి మొదట్లో పళ్లు కొన్నాను, అవి వేసుకోవడానికి ఒక చిన్న సంచి కూడా కొన్నాను. మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. లిఫ్టు మెకానిక్కు ఉండే ఇంట్లో!

తలుపు తనే తీసింది. మెడ ఒక పక్కకి వంచే ఉంది.

"ఉపన్యాసం గురించి మాట్లాడదామని" అన్నాను.

"మాట్లాడండి."

హాల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఐదు రోజుల వాదన వినిపించాను. నిజానికి నేను చేసిన వాదనల్లో అంత పకడ్బందీగా ఇంకేదీ రాలేదు. తను చివరిదాకా విని అంది:

"సూర్యుడు ఇప్పుడు ఆరిపోయాడనుకోండి. ఎనిమిది నిమిషాల దాకా మనకి తెలీదు. ఆ ఎనిమిది నిమిషాలూ బట్టలు ఆరేసుకుంటూనే ఉంటాం. సోమవారం నేనూ అంతే. వండాను, తిన్నాను, మీ వెనకాల స్కూటరెక్కాను. నాకు చేరడానికి టైం పట్టింది."

పళ్ల సంచి బల్ల మీద పెట్టాను.

"ఒకటి అడుగుతాను. అది అమ్మ దిండని మీకు ఎప్పుడు తెలిసింది?"

"నాకెలా తెలుస్తుంది?"

నా ముఖంలోకి అలాగే చూసింది. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాణ్ణి చూసే చూపు అది. పట్టుకోదు, చూస్తుందంతే.

"కొండ మీది అబ్జర్వేటరీ వాళ్లు రెండేళ్లు అక్కడే ఉండి పనిచెయ్యడానికి రమ్మంటున్నారు. మీకు చెప్పలేదు, వెళ్లే ఉద్దేశం లేదు గనక. సోమవారం ఇరవై నాలుగున ఏదో ఒకటి చెప్పాలి." లేచి తలుపు తీసింది. "ఇరవై రెండున నా సగం నేను చెబుతాను. దానికి ఢోకా లేదు. ఆ తర్వాతది ఆ తర్వాత."

మెట్లు దిగుతూ రెండో అంతస్తులో కాసేపు కూర్చున్నాను. మూడు అంతస్తులు ఎక్కి దిగడం ఈ వయసులో మాటలా?

ఫిబ్రవరి 15

రెండేళ్లు.

ఫిబ్రవరి 16

పుస్తకాలు ముందేసుకున్నాను. కారణం ఇవాళ, ఫలితం రేపు, అలా జరుగుతుందా అని మావాళ్లు పేజీలకు పేజీలు కొట్టుకున్నారు. దేవుడు ఎప్పటినుంచో ఉంటే ప్రపంచం ఎప్పటినుంచో ఎందుకు లేదు, సృష్టి ఎందుకు ఆలస్యమైంది అన్నది అసలు గొడవ. దానికి వాళ్లు తెచ్చిన ఉదాహరణ చూడబోతే: ఒక మొగుడు ఇవాళ విడాకుల మాట అంటాడు, రేపు తెల్లారాకే అది అమలవుతుందని షరతు పెడతాడు. మాట ఇవాళ, ఎడబాటు రేపు.

ఇన్నేళ్లుగా చదువుతున్న పేజీయే. లోకంలో ఇంకో ఉదాహరణే దొరకలేదా ఈ మహానుభావులకి? విశ్వం పుట్టుక గురించి మాట్లాడుతూ మధ్యలో మా ఇంట్లోకి ఎందుకు దూరినట్టు?

పుస్తకం మూసేసి పొయ్యి తోమాను. పాల మరక పోలేదు.

ఫిబ్రవరి 17

నాకెలా తెలుస్తుంది, నాకెలా తెలుస్తుంది అని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. కాపీ కొట్టేవాడు కూడా ఇన్నిసార్లు అనడు.

తెలుసు.

దిండు దింపినప్పుడు తెలీదు. అది నిజం. మొదటి పింజ కొవ్వొత్తి మీద పెట్టినప్పుడు పొగతో పాటు వాసన వచ్చింది. అత్తగారి తలనూనె వాసన. మెంతులు వేసి కాచుకునేవారు. ఆ వాసన ఆవిడ కంటే ముందు గదిలోకి వచ్చేది. సింకు ముందు నిలబడి ఒక్క నిమిషం ఆగాను. ఆవిడ దిండని అప్పుడే తెలిసింది.

ఆగి, రెండో పింజ తీశాను. ఎందుకంటే రిహార్సలు బాగా వస్తోంది. పొగ సరిగ్గా నేననుకున్నట్టే లేస్తోంది. ఇంకో కారణం లేదు. ఇంకో కారణం ఉంటే బాగుండేది.

తర్వాత ఇల్లంతా ఆ వాసనే. మా ఆవిడ వచ్చేలోపు పోవాలని కిటికీలు తీశాను, గలీబు సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను. ఉతికి ఆరేశాను కూడా అని గొప్పగా రాసుకున్నానే, అది దానికి.

ఆవిడంటే నాకు ఇష్టమే. నేను దూది పాఠం ఇంట్లో వల్లిస్తుంటే ఆవిడ మంచం మీంచి, "నిప్పు కాల్చదంటారు బాగానే ఉంది అల్లుడుగారూ, ఏదీ, ఒకసారి చెయ్యి పెట్టి చూపించండి" అనేవారు. "దేవుడి అలవాటు అత్తయ్యా, ఆయన ఎందుకు మానుకుంటాడు?" అనేవాణ్ణి. "మీరు మాత్రం ఏ అలవాటు మానుకున్నారు గనక" అని నవ్వేవారు. ఆ మంచం తీసేశాక ఆ గది వైపు వెళ్లడమే మానేశాను. ఏడవలేదు. పోయిన రోజున వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేయిస్తూ తిరిగాను.

ఇప్పుడు ఏడుపొస్తోంది. ఉపన్యాసానికి ఇంకా ఏమీ తయారు చేసుకోలేదు.

ఫిబ్రవరి 18

కళ్లజోడు పెట్టెలో ఒక పిడికెడు దూది ఉంది. వేదిక మీదికని విడిగా దాచిపెట్టినది. మర్చిపోయాను. మర్చిపోలేదు, తెరవలేదు. అంతే తేడా.

ఫిబ్రవరి 19

ఎనిమిదో అధ్యాయం చెప్పాను. మొదటి బెంచి అమ్మాయి పెన్ను పట్టుకుని కూర్చుంది.

"చేయించిందెవరు అన్నది ఒక ప్రశ్న. చేసినది ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. మావాళ్లు ఈ రెండింటినీ విడగొట్టారు. పనిని పుట్టించే శక్తి నీకు లేకపోవచ్చు. కానీ అది నీ చేతిలో జరిగింది, నువ్వు తెలిసి, కావాలనుకుని ఉండగా జరిగింది. నిప్పుకి తెలీదు. నిప్పు ఏదీ కావాలనుకోదు. అందుకే దూది కాలితే నిప్పుని ఎవరూ క్షమాపణ అడగమనరు."

ఈ చివరి వాక్యం పుస్తకంలో లేదు. నోటికొచ్చేసింది.

"అంటే దొంగ నిప్పు కాదు" అంది.

"కాదమ్మా."

"ఇంత తేలిగ్గా ఉంది, మరి మీరు సిలబస్‌లో లేదన్నారేంటి సర్?"

క్లాసంతా నవ్వింది. గంట కొట్టారు. దేవుడి అలవాట్లలో నాకు బాగా నచ్చేది అదొక్కటే.

ఫిబ్రవరి 21

రేపే. క్షమాపణ రెండు పేజీలు రాసి చదువుకున్నాను. అందులో మూడు ఉపవాదాలు, ఒక పూర్వపక్షం ఉన్నాయి. చింపేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

హాలు నిండిపోయింది. బావమరిది కూడా వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. తను ముందు మాట్లాడింది. మెడ ఇంకా కొంచెం పక్కకే ఉంది. నావైపు ఒక్కసారీ చూడలేదు.

"మొదట్లో విశ్వమంతా ఒకటే మంట" అంది. "అది ఆరిపోయి పదమూడు వందల కోట్ల ఏళ్లు దాటింది. కానీ దాని వెచ్చదనం ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉంది. చాలా కొంచెం. పరికరాలు పెట్టి వెతికితే తప్ప తెలీదు. ఈ హాల్లో, మీ భుజాల మీద కూడా ఉంది. ఆ మంట ఎందుకు మొదలైందో నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నాకు నామోషీ లేదు. మంట ఉందని మాత్రం ఈ వెచ్చదనాన్ని బట్టే తెలుసుకున్నాం."

కూర్చుంది. నా వంతు వచ్చింది. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి ఉంది, నేనే ముందుగా చెప్పి పెట్టించాను. "దూది మాష్టారూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కళ్లజోడు పెట్టె తీశాను. మూత తెరవగానే మెంతుల వాసన. ఇన్ని రోజులు మూసి ఉండటంతో పోకుండా నిలిచింది.

పింజ పట్టుకుని కొవ్వొత్తి దాకా తెచ్చాను. హాలంతా మెడలు చాచింది. చెయ్యి అక్కడే ఆగింది.

"ఈ దూది మా అత్తగారి దిండులోది" అన్నాను. "మిగతాదంతా నేను కాల్చేశాను."

గొల్లుమని నవ్వారు. ప్రతి ఏడూ మా తగువు ఇలాగే మొదలవుతుంది, అదే అనుకున్నారు. ఇలాంటి మాట జనం నవ్వుతుండగా చెప్పడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలిసింది. ఆవిడది అని తెలిశాక కూడా కాల్చాను అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. తలెత్తింది. ఆ రోజు మొదటిసారి నావైపు చూసింది.

మైకు దగ్గరికి జరుపుకుంది. మా ఆనవాయితీ ప్రకారం ఎదురు ప్రశ్న తనదే.

"కాల్చింది ఎవరు మాష్టారూ?"

"నిప్పు కాదనండి సర్!" అని ఎవరో అందించారు.

"నేను" అన్నాను.

"మీ పండితులు ఒప్పుకుంటారా?"

"చేయించిందెవరో వాళ్లు తేల్చుకోనీ. వాళ్లకి ఇంకో వెయ్యేళ్లు టైముంది. చేసింది మాత్రం నాది. నువ్వు దిండు అడిగినప్పుడు నేను నవ్వాను చూడు, అదీ నాదే."

ఈసారి ముందు వరుసలు నవ్వలేదు. వెనకవాళ్లు కాసేపు నవ్వి, ముందువాళ్లు నవ్వట్లేదని ఆపేశారు. నేను పింజని పెట్టెలో పెట్టేశాను. ఇరవై ఐదేళ్లలో దూది కాలకుండా పాఠం ముగియడం ఇదే మొదలు. దేవుడు అలవాటేమీ మార్చుకోలేదు. నేను దగ్గరికి తీసుకెళ్లలేదు, అంతే.

తను లేచి వచ్చి పెట్టె అందుకుంది. మూత టక్కున మూసి, "ఈ ఏడాదికి ఇంతే" అని మైకులో చెప్పింది. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒక చేతిని ఇంకో చేతి దగ్గరికి తెచ్చి ఆపాడు.

బయట మెట్ల మీద తను పెట్టె తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. నేను రెండు మెట్ల కింద నిలబడ్డాను.

"ఉంది" అంది. "కొంచెం."

"ఉంది."

"కాల్చినందుకు కాదండీ నేను వెళ్లింది. దూది ఏదో ఒకరోజు పోయేదే. గలీబు దండెం మీద చూశాను. దాన్ని కూడా ఉతికేశారు. మీకు తెలిసే ఉతికారని సోమవారమే అర్థమైంది. శనివారం దాకా చూశాను, ఎప్పుడు చెబుతారా అని."

"చెప్పాల్సింది."

"ఆఁ."

బావమరిది ఆటో పిలుస్తానన్నాడు. తను నా స్కూటర్ దగ్గర నిలబడి, సీటు మీద దుమ్ము చూసి, "ఇన్నాళ్లూ ఒక్కసారీ తుడవలేదా?" అంది. చొక్కాతో తుడిచాను.

ఇంటికొచ్చాక గలీబు తీసి ఆ పిడికెడు దూదీ అందులో పోసింది. తలకింద పెట్టుకుంటే మంచం చెక్క తగులుతుంది. అయినా పెట్టుకుంది. నేను కొత్త దిండు తెస్తానంటే వద్దంది. ఉంటుందో కొండెక్కుతుందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

పొద్దున్న పాలు పెట్టాను. లోపల గదిలో తను ఫోన్ మాట్లాడుతోంది. అబ్జర్వేటరీ వాళ్లు. వంటింట్లోంచి సరిగ్గా వినబడటం లేదని గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను.

"లేదండీ. రాలేను." కాసేపు అవతలివాళ్ల మాటలు. "లేదు లేదు, జీతం గురించి కాదు." మళ్లీ కాసేపు. "కారణమా? కారణమేమీ లేదండీ."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

"పాలు పొంగించిందెవరు?" అని లోపల్నుంచి కేక.

ఇంట్లో ఉన్నది ఇద్దరం. అయినా అడిగింది.

"నేనే" అన్నాను.